మీటర్లో పసుపు దీపం: చంద్రపూర్ రవాణా అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చంద్రపూర్ రవాణా అధికారి గారికి,



2019 ఏప్రిల్ 1 తర్వాత మన దేశంలో ఏబీఎస్ (సడన్ బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేకుండా కొత్త కారు అమ్మడానికి వీల్లేదు. కొత్త మోడళ్లకైతే ఏడాది ముందే, 2018 ఏప్రిల్ నుంచే ఆ నిబంధన వచ్చింది. భారీ లారీలకూ బస్సులకూ 2015లోనే తప్పనిసరి చేశారు. మంచి పనే. కానీ బండి షోరూం గేటు దాటాక ఆ ఏబీఎస్ పనిచేస్తోందా, పాడైతే ఎవరు బాగుచేస్తున్నారు, ఎలా చేస్తున్నారు అని అడిగే నాథుడు లేడు. ఆ కార్లలో మొదట వచ్చినవాటికి వారంటీ ఎప్పుడో తీరిపోయింది. కంపెనీ సర్వీసు సెంటర్ల బిల్లు భరించలేక యజమానులు వాటిని బల్లార్‌పూర్ రోడ్డు, ఘుగ్గుస్ రోడ్డు, మూల్ రోడ్డు పక్కనున్న షెడ్లకు తెస్తున్నారు. ఆ షెడ్లలో చేతి పని గొప్పగా తెలిసినవాళ్లు ఉన్నారు. ఏబీఎస్ గురించి వాళ్లకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లే లేరు. ఈ లోటును మీ ఆఫీసు పెద్ద ఖర్చు లేకుండా తీర్చగలదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మరాఠీ ప్రతి మీ కార్యాలయానికి విడిగా ఇస్తున్నాను. తెలుగులో అచ్చు వేయించడానికి కారణం ఉంది. బల్లార్‌పూర్ కాగితం మిల్లు చుట్టూ, రాజురా, సాస్తి, ఘుగ్గుస్ గనుల కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1956కు ముందు రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఇవాళ్టికీ మా పెళ్లిళ్లూ చావులూ అటువైపే. ఎంహెచ్ 34 నంబరు బండ్లు వాంకిడి దాటి ఆసిఫాబాద్, మంచిర్యాల వెళ్లని రోజు ఉండదు. చైత్రంలో మహాకాళి జాతర వస్తే తెలంగాణ నంబరు బండ్లు చంద్రపూర్‌లో బారులు తీరుతాయి. కాబట్టి ఈ సంగతి సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న బండి యజమానులకూ, మెకానిక్ అన్నలకూ తెలియాలి.

ముందు మన రోడ్ల సంగతి. ఇక్కడ ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు, 47 కూడా చూశాం. వానలు పడగానే బొగ్గు లారీల నుంచి రాలిన పొడి రోడ్డు మీద నల్ల బురదవుతుంది. థర్మల్ స్టేషన్ బూడిద, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము దానికి తోడు. గనుల దగ్గర తారు కనబడని కంకర దారులు. జివతి వైపు వెళ్తే మాణిక్‌గఢ్ కొండల వంపులు. మూల్ రోడ్డులోనూ మోహర్లీ దారిలోనూ తాడోబా అడవి నుంచి జింకో అడవిపందో ఒక్కసారిగా అడ్డం వస్తుంది. సడన్ బ్రేకు కొట్టాల్సిన సందర్భాలు, చక్రం జారే పరిస్థితులు రెండూ మన జిల్లాలోనే కూడి ఉన్నాయి. ఏబీఎస్ సరిగ్గా ఇలాంటి చోటు కోసమే పుట్టింది.

మామూలు బ్రేకును గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోతుంది, టైరు రోడ్డు మీద జారుతుంది. జారుతున్న టైరు స్టీరింగ్ మాట వినదు. ఏబీఎస్ ఉన్న కారులో ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సారు ఉంటుంది. చక్రం బిగుసుకోబోతోందని పసిగట్టగానే కంప్యూటరు ఆ చక్రానికి పోయే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని ఆపుతుంది, అవసరమైతే వదులుతుంది, మళ్లీ ఇస్తుంది. సెకనులో పది పదిహేను సార్లు దాకా ఇది జరుగుతుంది. అప్పుడు పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. ఏదో విరిగిందని బెదిరి కాలు తీసేసేవాళ్లు ఎంతోమంది. పాత అంబాసిడర్ రోజుల్లో నేర్చిన అలవాటుతో పెడల్‌ను పంపింగ్ కొట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. గట్టిగా తొక్కి, తొక్కిపట్టి, స్టీరింగ్‌తో తప్పించుకోవాలి. కంకర మీద మాత్రం ఏబీఎస్ ఉన్నా బండి కాస్త దూరం పోయే ఆగుతుంది, అక్కడ ముందే వేగం తగ్గించుకోవడం తప్ప దారి లేదు.

ఈ పరికరం కొత్తదేమీ కాదు. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లోనే మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలో వచ్చింది. ఇప్పుడు మన రాష్ట్రంలోనే, పుణె పక్కన చాకన్‌లో ఏబీఎస్ యూనిట్లు తయారవుతున్నాయి. రాష్ట్రానికి పడమటి కొసన తయారయ్యే వస్తువును తూర్పు కొసన విప్పి బిగించడం నేర్పే ఏర్పాటు లేదు.

ఇక పసుపు దీపం. కీ తిప్పగానే మీటర్లో ఏబీఎస్ అక్షరాలతో ఒక పసుపు దీపం వెలిగి, రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోయినా, నడుస్తుండగా వెలిగినా ఏబీఎస్ తనను తాను పక్కన పెట్టుకుందని అర్థం. బ్రేకు పడుతుంది, కానీ చక్రం బిగుసుకుంటే కాపాడేవాళ్లు ఉండరు. దానితోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే సంగతి వేరు. హ్యాండ్ బ్రేకు దింపే ఉందని చూసుకున్నాక కూడా ఆరకపోతే బ్రేకు ఆయిల్ అడుగంటి ఉండవచ్చు, లేదా ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే ఏర్పాటు కూడా పోయి ఉండవచ్చు. అలాంటప్పుడు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు గిరగిరా తిరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ బండిని నడిపి షెడ్డుకు తేకూడదు, వేరే బండి మీద ఎక్కించి తేవాలి. ఇంత చిన్న విషయం లైసెన్సు ఉన్నవాళ్లలో ఎంతమందికి తెలుసో మీరే మీ టెస్ట్ ట్రాక్ దగ్గర అడిగి చూడండి.

షెడ్లలో జరిగే పొరపాట్లు ఏ ఒక్కరి నిర్లక్ష్యమూ కాదు. బండి మారింది, పని నేర్చుకున్న పద్ధతి మారలేదు. ఒకటి దగ్గరగా చూపిస్తాను. ముందు చక్రం బేరింగు గరగరమంటోందని కారు వస్తుంది. మెకానిక్ పాత బేరింగును ప్రెస్‌తో తోసేసి కొత్తది చేతిలోకి తీసుకుంటాడు. రెండు వైపులా చూస్తే ఒకేలా ఉంటుంది. ఒకవైపు సీలు కాస్త ముదురు రంగులో, నున్నగా ఉంటుంది, అంతే తేడా. ఆ నున్నటి సీలులోనే సన్నటి అయస్కాంత పట్టీ ఉంటుంది. చక్రం తిరుగుతుంటే సెన్సారు చదివేది దాన్నే. ఆ వైపు సెన్సారుకు ఎదురుగా ఉండాలి. తిరగేసి కొడితే బేరింగు చక్కగా తిరుగుతుంది, చప్పుడు పోతుంది, యజమాని డబ్బులిచ్చి వెళ్తాడు. పది గజాలు పోగానే ఏబీఎస్ దీపం వెలుగుతుంది. సెన్సారు పోయిందని కొత్త సెన్సారు వేస్తారు, దీపం ఆరదు. వైరింగ్ అంటారు, ఆరదు. చివరికి కంప్యూటరు పోయిందని పదుల వేల ఖర్చు చెప్తారు. కొట్టే ముందు ఒక చిన్న ఇనుప పిన్నును సీలుకు తాకించి చూస్తే ఏ వైపు అయస్కాంతమో తెలిసిపోయేది. స్పీకర్ల వెనక ఉండే పెద్ద అయస్కాంతాల పక్కన కొత్త బేరింగును పెట్టినా ఆ పట్టీ పాడవుతుందని కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

సెన్సారు కొనకు ఇనుప రజను అంటుకోవడం ఇంకో సమస్య. బ్రేకు ప్యాడ్ల నుంచి, డిస్కుల నుంచి రాలే రజను అది. బొగ్గు పొడి అయస్కాంతానికి అంటదు గానీ, బురదగా మారి కనెక్టరు జాయింట్లలో దూరి తేమను నిలబెడుతుంది. తుడిస్తే తీరే పనికి సెన్సారును స్క్రూడ్రైవరుతో పెకిలిస్తే తుప్పుతో పట్టుకున్న ప్లాస్టిక్ ముక్కలవుతుంది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, కాసేపాగి, మెల్లగా అటూఇటూ తిప్పుతూ తీయాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు విప్పిన క్యాలిపర్‌ను బ్రేకు పైపు మీద వేలాడదీయకూడదు, తీగతో కట్టి స్ప్రింగుకు తగిలించాలి. పక్కనే పోయే సెన్సారు వైరు క్లిప్పులన్నీ తిరిగి పెట్టాలి. ఒక్క క్లిప్పు వదిలేస్తే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వైరు టైరుకు రాసుకుని తెగుతుంది.

చవగ్గా దొరికే బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్లనే చదువుతాయి. ఏబీఎస్ కోడ్లు సి అక్షరంతో మొదలవుతాయి, సి0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సారు వైపు చూడమని. అవి చదవగల స్కానరు వేరు. అది ఉన్న కొన్ని షెడ్లలో కూడా కోడ్ చెరిపేసి దీపం ఆరింది చూడండి అని పంపేస్తున్నారు. కాసేపటికి దీపం మళ్లీ వెలుగుతుంది. రోగం అలాగే ఉంది, చీటీ మాత్రం చింపేశారు.

బ్రేకు ఆయిల్ సంగతి ఇంకా ముఖ్యం. డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఎండకు మండే రోడ్డు మీద, కొండ దారిలో, నిండు బండితో పదేపదే బ్రేకు వేస్తే ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మూత విప్పి నెలల తరబడి బల్ల మీద ఉన్న డబ్బాలోది పోయకూడదు. ఇంజన్ ఆయిల్ గానీ డీజిల్ గానీ చుక్క కలిసినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి. డాట్ 5 సిలికాన్ ఆయిల్ పేరు డాట్ 4 పక్కనే ఉన్నా అది వేరు జాతి, ఏబీఎస్ బండ్లకు పనికిరాదు.

బ్రేకు పైపుల్లోని ఎయిర్ తీసేటప్పుడు బండిలోని ఆయిల్ డబ్బా ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్ లోపలి వాల్వుల్లోకి పోతుంది. ఒకడు పెడల్ తొక్కుతూ ఇంకొకడు నిపుల్ విప్పుతూ ఎంతసేపు చేసినా చాలా బండ్లలో ఆ గాలి రాదు. స్కానరుతో లోపలి పంపును, వాల్వులను నడిపించి తీయాలి. ప్యాడ్లు మార్చడానికి క్యాలిపర్ పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు నిపుల్ విప్పి లోపలి మురికి ఆయిల్‌ను బయటికి వదలాలి. మూసి ఉంచి నెడితే ఆ మురికంతా వెనక్కి, సూది మొనంత దారులున్న వాల్వుల్లోకి పోతుంది.

ఇవన్నీ బండికి వచ్చే నష్టాలు. మనిషికి వచ్చే నష్టం వేరే ఉంది. కొన్ని పాత ఏబీఎస్ బండ్లలోనూ, ప్రియస్ లాంటి హైబ్రిడ్ కార్లలోనూ బ్రేకు ఆయిల్‌ను గొప్ప ఒత్తిడితో నిల్వ ఉంచే అక్యుములేటర్ ఉంటుంది. టైరులో మనం పట్టించే గాలి 32, 33 పౌండ్లు. ఆ అక్యుములేటర్‌లో చదరపు అంగుళానికి 2000 పౌండ్ల పైమాటే. ఇంజన్ ఆపినా ఆ ఒత్తిడి లోపలే ఉంటుంది. తెలియక పైపు నట్టు విప్పితే ఆయిల్ సన్నటి ధారగా చిమ్మి కంట్లో పడుతుంది, చర్మంలోకి దూరుతుంది. కీ ఆపేసి, పెడల్ రాయిలా గట్టిపడే దాకా, మాన్యువల్ చెప్పినన్ని సార్లు, చాలావాటిలో 20 నుంచి 40 సార్లు, తొక్కి ఒత్తిడి దించాకే పానా పట్టాలి. ప్రియస్‌లో అయితే డ్రైవర్ తలుపు తీస్తేనే బ్రేకు పంపు మేలుకుంటుంది. కింద చక్రం దగ్గర కుర్రాడు వేలు పెట్టి ఉండగా పైన ఎవరో తలుపు తీస్తే ఏమవుతుందో ఆలోచించండి. కంపెనీ చెప్పిన పద్ధతిలో బ్రేకు కంట్రోలును నిలిపేయకుండా ఆ బండిని ముట్టకూడదు.

మిగతావి అన్ని బండ్లకూ వర్తించేవే. జాకీ మీదో ఇటుకల మీదో కాకుండా స్టాండ్ల మీద బండిని నిలపాలి. బ్రేకు దుమ్మును కంప్రెసరు గాలితో ఊదకూడదు, తడిగుడ్డతోనో బ్రేకు క్లీనరుతోనో తుడవాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. కళ్లద్దాలు పెట్టుకోవాలి. కీ ఆన్‌లో ఉండగా ఏబీఎస్ కంప్యూటరు కనెక్టరును పీకకూడదు. బాడీకి వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీసేయాలి. పని అయ్యాక పెడల్ గట్టిగా ఉందని, దీపం ఆరిందని చూసుకుని, జనం లేని ఖాళీ జాగాలో తక్కువ వేగంతో బ్రేకు కొట్టి చూడాలి. రోడ్డు మీద, లారీల మధ్య ట్రయల్ వేయకూడదు. షెడ్లలో ఈ జాగ్రత్తలు లేకపోతే ముందు దెబ్బతినేది పదహారు, పద్దెనిమిదేళ్ల హెల్పర్ కుర్రాళ్లే.

అయ్యా, ఇప్పుడు చట్టం వైపు చూద్దాం. టాక్సీలూ లారీలూ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు వస్తాయి. సొంత కారు మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యాక 15 ఏళ్ల దాకా మీ ఇన్‌స్పెక్టర్ కంట పడనక్కర్లేదు. ఫిట్‌నెస్‌కు వచ్చిన బండిని రోలర్ల మీద బ్రేకు పరీక్ష చేసినా, అంత తక్కువ వేగంలో ఏబీఎస్ అసలు పనిలోకే దిగదు. బ్రేకు బలం తెలుస్తుంది, ఏబీఎస్ సంగతి తెలియదు. దాని గురించి చెప్పే సాక్షి మీటర్లోని దీపం ఒక్కటే. లోపం ఉందని తెలిసీ బండి నడపడం మోటారు వాహన చట్టం 190వ సెక్షన్ కింద నేరమే, కానీ తెలియజెప్పేవాళ్లు ఉంటే కదా.

కాబట్టి నా విన్నపాలు నాలుగు.

మొదటిది, ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చిన ప్రతి బండిలో కీ తిప్పించి ఏబీఎస్ దీపం వెలిగి ఆరడం చూడాలి. అసలు వెలగకపోయినా అనుమానించాలి, బల్బు పీకేసి ఉండవచ్చు. ఆరని బండిని బాగుచేసుకు రమ్మని వెనక్కి పంపాలి.

రెండోది, సొంత కారు చట్టప్రకారం కనీసం ఏడాదికోసారి తప్పనిసరిగా పోయే చోటు ఒకటుంది, అది పొగ పరీక్ష కేంద్రం. అక్కడి ఆపరేటరుకు బ్రేకు తనిఖీ చేసే అధికారం లేదు, ఉండాలని నేను అడగడం లేదు. మీటరు వైపు ఒకసారి చూసి, దీపం వెలుగుతుంటే యజమానికి ఒక చిన్న హెచ్చరిక చీటీ ఇమ్మని మీరు సూచించవచ్చు. అరనిమిషం పని.

మూడోది, చంద్రపూర్‌లోనూ బల్లార్‌పూర్‌లోనూ ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి. మెకానిక్ మోటార్ వెహికల్ అనే రెండేళ్ల కోర్సు అక్కడి పిల్లలకు ఉంది, షెడ్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మేస్త్రికి లేదు. ఆ మేస్త్రుల కోసం, షెడ్లు మూసే వారపు సెలవు రోజున, ఏబీఎస్ మీద రెండు పూటల శిక్షణ పెట్టించండి. పుస్తక పాఠం వద్దు. విప్పిన యూనిట్, తిరగబడిన బేరింగు, స్కానరు బల్ల మీద పెట్టి చూపిస్తే చాలు. నేర్చుకున్నవాళ్లకు గోడకు తగిలించుకునే పత్రం ఇస్తే యజమానులు కూడా ఆ షెడ్డునే వెతుక్కుంటూ వస్తారు. పైన చెప్పిన జాగ్రత్తలను మరాఠీ, హిందీ, తెలుగు భాషల్లో ఒకే కాగితం మీద అచ్చు వేయించి ప్రతి షెడ్డుకూ పంచండి.

నాలుగోది, ప్రమాదం జరిగిన బండిని 136వ సెక్షన్ కింద మీ ఇన్‌స్పెక్టర్లు పరీక్షిస్తారు. బ్రేకులు పనిచేస్తున్నాయా లేదా అని రాస్తారు. దానితోపాటు, బండి పరిస్థితి అనుకూలిస్తే, ఏబీఎస్ కంప్యూటరులో ముందు నుంచే ఉన్న కోడ్లను చదివి నివేదికలో చేర్చమనండి. ఎన్ని ప్రమాదాల వెనక ఆరని పసుపు దీపం ఉందో అప్పుడే జిల్లాకు లెక్క తెలుస్తుంది. లెక్క లేకపోతే ఎప్పటిలా డ్రైవరు అతివేగమే కారణమని రాసి ఫైలు మూస్తారు.

ఏబీఎస్ పనులన్నీ కంపెనీ సర్వీసు సెంటర్లకే అప్పగించాలని, షెడ్లను నిషేధించాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. జివతిలో, కోర్పనాలో, గడ్‌చాందూర్‌లో ఆగిపోయిన బండి దగ్గరికి రాత్రి పూట వచ్చేది షెడ్డు మెకానిక్కే. అతనికి నేర్పకుండా అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. నేర్పాక కూడా కోడ్ చెరిపి దీపం ఆర్పే పనే చేస్తే అప్పుడు చర్య తీసుకోండి, మేమూ మీ వెంటే నిలబడతాం.

బండి ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. రేపు పొద్దున కీ తిప్పాక రెండు సెకన్లు ఆగి మీటరు చూడండి. పసుపు దీపం ఆరకపోతే, వానల ముందే షెడ్డుకు తీసుకెళ్లండి. దీపం ఆర్పమని అడగకండి, ఎందుకు వెలుగుతోందో కనిపెట్టి ఆ కారణాన్ని బిల్లు మీద రాసిమ్మని అడగండి.

రవాణా అధికారి గారూ, ఈ నాలుగింటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, ముంబై నుంచి జీవో రానక్కర్లేదు. మొదటిదానికైతే మీ ఇన్‌స్పెక్టర్లకు మీరు రాసే ఒక్క సర్క్యులర్ చాలు. ఈ వానాకాలం లోపే అది వెలువడాలని కోరుతున్నాను.

ఇట్లు,
బల్లార్‌పూర్ నుంచి ఒక తెలుగు వాహనదారుడు